కెమెరా చప్పుడు చేసే పిట్ట నల్లమలలో లేదు

విజయవాడ, గుంటూరు వాట్సాప్ గ్రూపుల్లో ఓ వీడియో మళ్లీ తిరుగుతోంది. పొడుగు తోక పక్షి ఒకటి కెమెరా క్లిక్కుమన్నట్టు, రంపం కోసినట్టు అరుస్తుంది. వెనక తెలుగు గొంతు: ఇది మన నల్లమల పక్షి, కిటుకంతా దీని నాలుకలో ఉంది, వంద పిట్టల భాష దీనికి అర్థమవుతుంది, సరదాకే అనుకరిస్తుంది.

ముందు ఊరి సంగతి. అది లైర్ బర్డ్. ఆస్ట్రేలియా తూర్పు అడవుల్లో నేల కెలుక్కుంటూ బతుకుతుంది, మన దేశంలో ఎక్కడా లేదు. అక్కడ కూడా అడవిలో ఉన్న పక్షి ఎక్కువగా పాడేది ఇరుగుపొరుగు పిట్టల కూతలే. రంపం, కెమెరా చప్పుళ్లకు పేరుపడ్డ రికార్డింగులు ఎక్కువగా జూలో మనుషుల మధ్య పెరిగిన పక్షులవి.

నాలుక మాటా తప్పే. పక్షికి శబ్దం పుట్టేది ఛాతీ లోపల, శ్వాసనాళం రెండుగా చీలే చోట ఉండే సిరింక్స్‌లో. పాడే పిట్టలు దాని కుడి ఎడమల్ని విడివిడిగా ఆడించగలవు. గోరింక నాలుక గీకితే మాటలొస్తాయని నమ్మేవాళ్లు ఇంకా ఉన్నారు. పుండు తప్ప ఏమీ రాదు. అసలు చిలకనో కొండ గోరింకనో పట్టి పంజరంలో పెట్టడమే 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం. పైగా విని నేర్చుకునే శక్తి అన్ని పక్షులకూ లేదు. కాకి గూట్లో పెరిగిన కోకిల చివరికి కోకిలలాగే కూస్తుంది కదా.

ఇక "సరదా". అసలు విషయం ఇక్కడుంది. నల్లమలలో అనుకరణకు పేరున్నది తోక పసులపోలిగాడు: నుదుటి మీద కుచ్చు, తోక నుంచి రెండు సన్నటి పుల్లలు, వాటి కొసన ఈకల బిళ్లలు. మన కరెంటు తీగల మీద, గేదెల వీపుల మీద వాలే ఏట్రింతకి అడవి చుట్టం. రకరకాల పిట్టలు గుంపుగా మేస్తుంటే వాటి వెంట తిరిగి, అవి లేపిన పురుగుల్ని గాల్లోనే పడుతుంది. అది చేసే అనుకరణ వింటే వేరే పిట్టలు గుంపులోకి వస్తాయని శ్రీలంకలో చేసిన పరిశోధనల్లో తేలింది. అంటే అది తిండి ఏర్పాటు. ఊళ్లో ఏట్రింత ఇంకో అడుగు ముందుకేస్తుంది: షిక్రా డేగలా అరిచి గోరింకల్ని బెదరగొట్టి, అవి వదిలేసిన పురుగు ఎత్తుకుపోతుంది. ఆఫ్రికాలోని కలహారి ఎడారిలో ఏట్రింత చుట్టాల మీద 2014లో వెలువడిన పరిశోధన 51 రకాల హెచ్చరిక కూతలు లెక్కగట్టింది. ఒకే కూతకి అవతలి జంతువు బెదరడం మానేస్తే వేరే జాతి కూత అందుకుంటుంది. నాన్నా పులి కథలో పిల్లాడికి తట్టని ఉపాయమిది.

మరి భాష అర్థమైనట్టేనా? తోక పసులపోలిగాడు ప్రమాదంలో ఇతర పిట్టల హెచ్చరిక కూతల్ని, మామూలప్పుడు వాటి పాటల్ని వాడుతుందని శ్రీలంకలోనే గమనించారు. సమయం చూసి వాడుతుందనడానికి ఇది చాలు. అర్థం తెలుసనడానికి చాలదు.

ఏట్రింత అనుకరణని కొండపల్లిలోనో కొండవీడులోనో సరిచూసుకోవాలంటే తెల్లవారకముందే వెళ్లండి, ఏట్రింతలు అప్పుడే గట్టిగా పాడతాయి. ఫోన్‌లో పది సెకన్లు తీస్తే పనికిరాదు. కనీసం రెండు మూడు నిమిషాలు ఆపకుండా తీయండి. ఒకే కొమ్మ నుంచి డేగ, పికిలి, తీతువు కూతలు వెంటవెంటనే మారుతూ, మధ్యలో ఏట్రింత గరగర వినపడితే అది అనుకరణేమోనని అనుమానించాలి. తర్వాత బైనాక్యులర్‌లో ముక్కు, గొంతు కదలడం చూడాలి, కూతకీ కదలికకీ లంకె కుదరాలి. రికార్డింగు వినిపించి పిలవకండి, గూడు పెట్టే రోజుల్లో అసలే వద్దు. కూత విని పక్షి పేరు చెప్పే మెర్లిన్ యాప్ ఇక్కడే బోల్తా పడొచ్చు: ఏట్రింత అరిస్తే షిక్రా పేరు చూపించొచ్చు, కొత్తవాళ్లు దాన్ని అలాగే తాము చూసిన పక్షుల జాబితాలోకి ఎక్కించేయొచ్చు. కంటికి డేగ కనపడకపోతే ఆ పేరు రాయకండి.