వియ్యాలవారి ఆవకాయ

మా బాబాయికి ప్లాస్టిక్ డబ్బాల మీద నమ్మకం లేదు. ఆవకాయంటే జాడీలో ఉండాలి, జాడీకి తెల్లగుడ్డతో వాసెన కట్టి ఉండాలి, ఆ జాడీ బస్సులో ఒళ్ళోనే కూర్చోవాలి. ఒడిశాలోని మా పర్లాకిమిడి నుంచి జయపురంలో ఉన్న కూతురి అత్తవారింటికి, ఘాటీ రోడ్డు మలుపులన్నీ తట్టుకుంటూ, దాన్ని చంటిపిల్లలా మోసుకెళ్తాడు. ఆ వేసవిలో తోడు నన్ను రమ్మన్నాడు. తోడు జాడీకి, ఆయనకి కాదు.

రాయగడ దాటి కొండలెక్కాక బస్సు ఒక హోటల్ ముందు ఆగింది. ప్రతి బస్సూ అక్కడే ఆగుతుంది, ఎందుకంటే డ్రైవరుకీ కండక్టరుకీ అక్కడ భోజనం ఉచితం. లోపలి గదిలో వాళ్ళకి చేపల కూర, బయట మనకి డాల్మా. డాల్మాని తప్పు పట్టడం నా ఉద్దేశం కాదు. పప్పులో గుమ్మడికాయ, అరటికాయ, ములక్కాడ ఉడికించి, దించాక వేయించిన జీలకర్ర పొడి చల్లితే ఆ రుచే వేరు. సాక్షాత్తూ పూరీ జగన్నాథుడికే నైవేద్యం పెడతారు. కానీ ఈ హోటల్లో డాల్మా చూస్తే, 1992లో కోరాపుట్‌ని విడదీసి రాయగడ జిల్లా చేసినప్పుడు పప్పు ఇక్కడ ఉండిపోయి ముక్కలు అటు వెళ్ళిపోయాయేమో అనిపించింది.

నలుగురు పట్టే బల్ల దగ్గర ఆరుగురిని సర్దారు. మేమిద్దరం, బరంపురం నుంచి వస్తున్న అప్పడాల వ్యాపారి, టిఫిన్ క్యారియర్‌లో పఖాళ, అంటే ఒడియావాళ్ళ చద్దన్నం, తెచ్చుకుని బల్ల మీద హక్కు కోసం ఒక్క ప్లేటు ఆలూ భజా కొనుక్కున్న పెద్దావిడ, సంతల్లో ఎండుచేపలు అమ్మే గోపాల్‌పూర్ ఆసామి. ఆరో మనిషి ఆ ఆసామి కాళ్ళ దగ్గరున్న మూట వాసన పీల్చి వేరే బల్లకి వెళ్ళిపోయాడు.

1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడి మా ఊరు ఇటు పడ్డప్పట్నుంచీ మా వైపు ఒక పద్ధతుంది. కొత్తవాళ్ళు ఒడియాలో పలకరించుకుంటారు, బేరం దగ్గరికొచ్చేసరికి తెలుగులోకి దిగుతారు, దెబ్బలాటైతే హిందీ. మా బల్ల అయిదు నిమిషాల్లో తెలుగులోకి వచ్చేసింది.

అప్పడాలాయన డాల్మా కలుపుకుంటూ జాడీ వైపు చూశాడు. ఒకసారి ముక్కెగరేశాడు.

"ఉప్పు తక్కువ," అన్నాడు.

"ఏమిటీ?" అన్నాడు బాబాయి.

"బరంపురం వాణ్ణండీ. పచ్చళ్ళూ అప్పడాలూ మా ఊరి పేరు నిలబెట్టేవి. వాసన చూసి చెప్పేస్తాను."

మా పిన్ని కలిపిన ఆవకాయలో ఉప్పు తక్కువ అనే మాట బాబాయి కూడా ఇంట్లో ఎన్నడూ అనలేదు. ఆయనకి ఆ ధైర్యం లేదు. ఇంతలో ఎవడో అపరిచితుడు అనేసరికి పౌరుషం పొడుచుకొచ్చి, చేతులు తుడుచుకుని వాసెన విప్పాడు.

ఎర్రటి నూనె తేలి, వెల్లుల్లి రేకలు పైకి కనిపిస్తూ, ఘుమ్మని ఆవపిండి ఘాటు లేచింది. అప్పడాలాయన ఒక ముక్క తిన్నాడు. కళ్ళు మూసుకున్నాడు. "ఒక్క ముక్కతో తేలదండీ," అని రెండోది వేసుకున్నాడు. మూడోదానికి ఉప్పు సంగతే మర్చిపోయాడు. పెద్దావిడ ఏమీ అనకుండా పఖాళ గిన్నె ముందుకు జరిపి, "టికే దియ" అంది, కొంచెం వెయ్యండి అని. పఖాళకి ఒడిశా వాళ్ళు ఏటా మార్చి 20న పండగ చేస్తారు. మన చద్దన్నానికి ఎవరూ ఒక తారీఖు కేటాయించలేదు, అన్యాయం. సరే, ఆ పఖాళలో ఆవకాయ పడ్డాక ఆవిడ మొహం చూస్తే మార్చి 20 జూన్‌లో వచ్చినట్టుంది. చేపలాయన ఆకులోకి ఎవరూ అడక్కుండానే వచ్చేసింది.

పక్క బల్లలకి వార్త పాకింది. హోటల్ కుర్రాడు స్టీలు గిన్నె పట్టుకొచ్చాడు. "మీ ఇంటావిడ చెయ్యి బంగారమండీ" అని ఎవరో అన్నారు. ఆ మాటతో బాబాయి పెళ్ళి వడ్డనలో మేనమామలాగా "ఇంకో ముక్క వేసుకోండి, మొహమాటపడకండి" అంటూ తనే వడ్డించడం మొదలెట్టాడు. అందరూ అన్నం మారు మీద మారు అడిగారు. ఫుల్ మీల్సు కదా, హండా అడుగంటింది. దాంతో యజమాని గల్లా పెట్టె దగ్గర్నుంచి కేకేశాడు: జాడీ తెచ్చినాయన ఎక్స్‌ట్రా కట్టాలి!

బాబాయి వాదనకి వెళ్ళాడు. హిందీలో. బల్ల దగ్గర కూర్చున్నదాన్ని నేనూ వెళ్ళక తప్పలేదు, ఆయన హిందీకి సాయం కావాలి. తిరిగొచ్చేసరికి కండక్టరు విజిల్ వేసేశాడు. జాడీకి వాసెన ఎవరో చక్కగా కట్టి ఉంచారు. ఎత్తి చూసి, "సగమైనా మిగిలిందిలే," అని నిట్టూర్చాడు బాబాయి. పెద్దావిడ నవ్వి, కూతురింటికి ఖాళీ గిన్నె వెళ్ళకూడదు కదా బాబూ, అంది. సామెతేదో చెబుతోందనుకున్నాం.

జయపురంలో వియ్యపురాలుగారు కొత్తగా ఏదో గురువుగారి దగ్గర ఉపదేశం పుచ్చుకున్నారు. ఆ ఇంట్లో ఉల్లిపాయ కూడా గడప తొక్కకూడదు. వెల్లుల్లి ఆవకాయకి మాత్రం ఎలాగో మినహాయింపు సంపాదించుకున్నారు. ఆవిడ స్వయంగా వాసెన విప్పారు. పైన చిన్న అప్పడాలు. అప్పడాల కింద మినప వడియాలు. వడియాల కింద, మిగిలిన ఆవపిండి గుజ్జులో హాయిగా నానుతూ, గుప్పెడు ఎండు నెత్తళ్ళు. ఏది ఎవరు వేశారో ఎవరినీ అడగక్కర్లేదు.

బాబాయి గోడ వైపు తిరిగాడు. మా చెల్లెలు వంటింట్లోకి పారిపోయింది, నవ్వుకోడానికి.

"ఇటివ్వు, ఊరవతల పారేసొస్తాను," అని వియ్యంకుడుగారు జాడీ అందుకున్నారు. గంటన్నర తర్వాత వచ్చారు. జాడీ కడిగి తుడిచినట్టుంది. "పాపం ఎంత దూరం వెళ్ళారో" అని వియ్యపురాలుగారు మజ్జిగ ఇచ్చారు. ఆయన మజ్జిగ వద్దన్నారు, కడుపు నిండుగా ఉందట.

ఈ వేసవిలో మళ్ళీ బయల్దేరుతుంటే ముందురోజు రాత్రి వియ్యంకుడుగారి ఫోన్.

"బావగారూ, దారిలో ఆ హోటల్ దగ్గరే భోంచేస్తారుగా?"