లిమిటర్ గారి దివ్య సముఖానికి

మహారాజరాజశ్రీ బ్రిక్‌వాల్ లిమిటర్ గారికి, మంచి రికార్డింగు అంటే చెవి కోసుకునే శ్రోతలందరం నమస్కరించి రాయునది.

ఉభయకుశలోపరి. ఇక్కడ మేమంతా క్షేమమే, చెవులు తప్ప. మాస్టరింగ్ (పాటను విడుదలకు సిద్ధం చేసే ఆఖరి దశ) గొలుసు చివర, ఫైలు బయటికి వెళ్లే గుమ్మంలో, మీరు ఎప్పటిలాగే పీట వేసుకుని కూర్చున్నారని తలుస్తాం.

ముందుగా మీ విద్యకు ఒక దండం. వచ్చే శబ్దాన్ని ఒకటి రెండు మిల్లీసెకన్ల ముందే పసిగట్టి, గీత దాటబోయే శిఖరాన్ని గీత దగ్గరే నొక్కిపట్టగలరు. కంప్యూటర్‌లో వాడే ప్లగిన్ రూపంలో 1994లో అవతరించారు. పాట మొత్తంలో ఏ నాలుగైదు చోట్లో మీ మీటర్ కదిలి, 1 లేదా 2 డీబీ (డెసిబెల్, శబ్దస్థాయి కొలత) తగ్గించి ఊరుకుంటే మీ అంత మర్యాదస్తులు లేరు. కానీ మిమ్మల్ని కొలువులో పెట్టుకున్నది అందుకు కాదుగా! పాట మొత్తం గట్టిగా మోగాలని, త్రెషోల్డ్ (మీరు నొక్కడం మొదలుపెట్టే గీత) 8 డీబీ కిందికి లాగి, పల్లవి నుంచి ఆఖరి చరణం దాకా మీ చేత గొడ్డుచాకిరీ చేయిస్తున్నారు.

ఆ చాకిరీ ఫలితం ఒక్క చోట దగ్గరగా చూద్దాం. కచేరీ రికార్డింగు తీసుకోండి. వెనక తంబురా, ముందు గాత్రం, పక్కన మృదంగం. మృదంగం మీద చాపు దెబ్బ పడిన క్షణం దాని మొన, కచేరీ సగటు స్థాయికి 15 డీబీ పైకి కూడా లేస్తుంది. ఉండేది కొన్ని మిల్లీసెకన్లే. వేలూ తోలూ తెలిసేది అక్కడే. ఆ మొన కోసేశాక మిగిలేది అట్టపెట్టె చప్పుడు. పోనీ అంతటితో ఆగారా? మీ చేతిలో ఉన్నది ఒకే గెయిన్, అంటే మొత్తం శబ్దాన్ని పెంచి తగ్గించే ఒకే మీట కాబట్టి, ఆ క్షణంలో మోగుతున్నవన్నీ మొనతో పాటే కుంగుతాయి. రిలీజ్, అంటే నొక్కినదాన్ని మళ్లీ వదలడానికి పట్టే సమయం, 100 మిల్లీసెకన్లు పెడితే దెబ్బ పడ్డప్పుడల్లా తంబురా మునిగి తేలుతుంది. గాయని నిలిపిన తారషడ్జం ఆమె ప్రమేయం లేకుండానే తాళం ప్రకారం వణుకుతుంది. సరే అని రిలీజ్ 5 మిల్లీసెకన్లకు తగ్గిస్తే ఆ వణుకు సర్దుకుంటుంది గానీ, కింది స్వరాల్లో గరగర మొదలవుతుంది. 50 హెర్ట్జ్ తరంగం ఒక్క చుట్టు తిరగడానికి 20 మిల్లీసెకన్లు పడుతుంది. మీరు ఆ చుట్టు మధ్యలోనే గెయిన్ ఎక్కించి దించేస్తుంటే తరంగం ఆకారమే మారిపోతుంది, లేని హార్మోనిక్స్ (పై స్వరాలు) పుట్టుకొస్తాయి. ఇక లయవాద్యాలకే వదిలేసే తని ఆవర్తనంలో చివరి ముక్తాయికి ఎక్కే మెట్లన్నీ చదును. మొదటి ఆవర్తం ఎంత గట్టిగా ఉందో ఆఖరిదీ అంతే.

మీ కీర్తి ఖండాంతరాలు దాటింది 2008లో. మెటాలికా అనే రాక్ బృందం వారి ఆల్బమ్ డెత్ మాగ్నెటిక్ సీడీగా వచ్చింది, అవే పాటలు గిటార్ హీరో అనే వీడియో గేములోనూ వచ్చాయి. సీడీ కన్నా గేములోనే డ్రమ్ములు విడివిడిగా, శుభ్రంగా వినిపించాయి. కారణం వేరే ఏమీ లేదు, గేముకు వెళ్లిన ట్రాకుల మీద ఆ నొక్కుడు పడలేదు. డబ్బు పోసి సీడీ కొన్నవాళ్లు దాన్ని పక్కన పెట్టి గేము శబ్దాన్ని రికార్డు చేసుకున్నారు. మాస్టరింగ్ ఇంజినీరేమో, మిక్సులు తన దగ్గరికి వచ్చేసరికే నలిగి ఉన్నాయన్నాడు. అంటే మిమ్మల్ని ఒకసారి కాదు, దారిలో ఎన్నో చోట్ల నియమిస్తున్నారన్నమాట.

నిజానికి చెవులు అప్పగించి వినాలనిపించే రికార్డింగు మీ గుమ్మం దాకా రాకముందే తయారైపోతుంది. మొదట గది. మధ్యలో నిలబడి ఒక్క చప్పట కొట్టండి. టిర్ర్‌మని మోగితే ఎదురెదురు గోడలు బంతాట ఆడుతున్నట్టే. ఒక గోడకు పుస్తకాల అలమరో మందపాటి బొంతో వేస్తే సగం పని అవుతుంది. 5 సెంటీమీటర్ల ఫోమ్ అంటిస్తే పై స్వరాలే పోతాయి, మృదంగం ఎడమ వైపు గుమగుమ అలాగే ఉంటుంది. తర్వాత మైకు. 17 సెంటీమీటర్ల దూరంలో, 110 డిగ్రీల కోణంలో రెండు కార్డియాయిడ్ (ముందు వైపు శబ్దాన్నే ఎక్కువగా పట్టే) మైకులు పెట్టడం ఫ్రెంచి రేడియో వాళ్లు నేర్పిన పద్ధతి. కళాకారుల ముందు ఆ జతను ఒక్కో అడుగూ జరుపుతూ వినాలి. దగ్గరైతే గది మాయమవుతుంది, దూరమైతే సాహిత్యం మాయమవుతుంది. మనిషికో మైకు పెట్టేవాళ్లు, మైకు నుంచి వాద్యానికి ఎంత దూరమో, మైకు నుంచి మైకుకు కనీసం దానికి మూడింతలు ఉంచాలి. లేకపోతే ఒకే మృదంగం రెండు దారుల్లో వస్తుంది. దారుల తేడా 34 సెంటీమీటర్లయితే ఒక మిల్లీసెకను ఆలస్యం. రెండూ సమాన స్థాయిలో కలిస్తే 500 హెర్ట్జ్ దగ్గర ఒక గొయ్యి, 1500 దగ్గర ఇంకొకటి, 2500 దగ్గర మరొకటి. ఏ ఈక్వలైజరూ ఆ గోతులు పూడ్చలేదు.

లెవెల్ సంగతి మరీ విడ్డూరం. 24 బిట్లలో రికార్డు చేస్తూ కూడా ముల్లు ఎర్రగీత తాకాలని తాపత్రయం! ఒక్కో బిట్‌కు సుమారు 6 డీబీ. శిఖరాలు పైగీత అయిన సున్నాకు 12 డీబీ కింద, అంటే −12 దగ్గర ఆగినా పోయేది రెండు బిట్లు. మిగిలిన అడుగు బిట్ల శబ్దం కన్నా సీలింగ్ ఫ్యాను హోరు ఎంతో పైన ఉంటుంది.

1987 నవంబరు 27న టొరాంటోలోని హోలీ ట్రినిటీ చర్చిలో కౌబాయ్ జంకీస్ బృందం ఒకే ఒక్క కాల్‌రెక్ యాంబిసోనిక్ (అన్ని దిక్కుల శబ్దాన్నీ పట్టే) మైకు చుట్టూ చేరి ఆల్బమ్ రికార్డు చేసింది. ఒకరి వాద్యం ఎక్కువైతే ఫేడర్ (స్థాయి మీట) తగ్గించలేదు, ఆ మనిషి వెనక్కి జరిగాడు. 1959 నాటి మైల్స్ డేవిస్ జాజ్ ఆల్బమ్ కైండ్ ఆఫ్ బ్లూ కూడా చర్చిగా ఉండి స్టూడియోగా మారిన భవనంలోదే. అందులో మొదటి వైపు రికార్డు చేసిన టేపు యంత్రం కాస్త నెమ్మదిగా తిరగడం వల్ల, వినేటప్పుడు శ్రుతి రవ్వంత పైన ఉండేది. 1992 దాకా దిద్దలేదు. శ్రుతి తప్పినా ఆ గది గాలి మాత్రం చెడలేదు, లోకం దాన్ని నెత్తిన పెట్టుకుంది.

మీ ఒక్కరినే ఆడిపోసుకోవడం ధర్మం కాదు లెండి. మా వర్గంలోనూ మహానుభావులున్నారు. మీరు నలిపిన పాటను 192 కిలోహెర్ట్జ్ హై-రెజల్యూషన్ ఫైలుగా కొని, లక్ష రూపాయల తీగతో వింటారు. సీడీ కన్నా మేలని అమ్మే ఎస్‌ఏసీడీ డిస్కు శబ్దాన్ని మామూలు సీడీ ప్రమాణంలోంచి దాటించి వినిపిస్తే, మామూలు వాల్యూములో తేడా పట్టలేకపోయారని 2007లోనే ఒక పరీక్ష తేల్చింది. మొబైల్ ఫిడెలిటీ అనే కంపెనీ వారి వినైల్ రికార్డుల తయారీలో ఏళ్ల తరబడి ఒక డిజిటల్ మెట్టు ఉందని 2022లో బయటపడింది. అప్పటిదాకా పూర్తి అనలాగ్ అంటూ మురిసిన చెవులే అవి. వినైల్ మీద డీఆర్ (సగటుకూ శిఖరాలకూ మధ్య తేడా చెప్పే) అంకె 2, 3 పెరిగిందని చంకలు గుద్దుకునే వారికి ఒక మాట. కోత, సూది ప్రయాణంలో ఫేజ్ (తరంగాల కాలపు అమరిక) మారి శిఖరాలు ఎత్తుగా కనబడతాయంతే. అదే మాస్టర్ అయితే మీరు కోసిన మొనలు మళ్లీ మొలవవు.

అసలు కబురు ఇప్పుడు. మీ కొలువే ఎత్తేశారు! గట్టిగా ఉన్నదే బాగున్నట్టు చెవికి తోస్తుందన్న బలహీనత మీద కదా మీ వ్యాపారం. 2006లో శబ్దతీవ్రతకు అంతర్జాతీయ కొలత వచ్చింది, దాన్ని లఫ్స్ అంటాం. స్పాటిఫై మామూలు అమరికలో ప్రతి పాటనూ −14 లఫ్స్ వైపు తెస్తుంది. మీరు చెమటోడ్చి −7కు చేర్చిన పాటను అది 7 డీబీ దించేస్తుంది. −0.1 దగ్గర ఉన్న మీ శిఖరాలు −7.1 దగ్గర చతికిలబడతాయి. మీ జోలికి పెద్దగా పోని పక్క పాట −14 లోనే ఉండి, దాని శిఖరాలు −1 దాకా లేస్తాయి. రెండూ ఒకే గట్టిదనం. చాపులో 6 డీబీ ప్రాణం మాత్రం దానికే.

నమ్మని నిర్మాత ఉంటే ఇలా చేయించండి. నలిపిన ఫైలు, నలపని ఫైలు రెండూ ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ అనే సాఫ్ట్‌వేర్ లఫ్స్ కొలతలో పెట్టి, గట్టిగా ఉన్నదాన్ని 0.1 డీబీ తేడా కూడా లేకుండా దించాలి. ఏది ఏదో చెప్పకుండా వినిపించి, నచ్చింది ఎంచుకోమనాలి. ముందే చెబితే పరీక్ష చెడినట్టే.

కాబట్టి మా విన్నపం. సీలింగ్ (మీరు దాటనివ్వని పైగీత) −1 ట్రూ పీక్ (నమూనాల మధ్య లేచే శిఖరాలనూ లెక్కించే కొలత) పెట్టుకోండి, ఎంపీ3గానో ఏఏసీగానో మారేటప్పుడు శిఖరాలు పొంగి పగిలిపోకుండా. 2 డీబీ దాటి పని చెబితే మిక్సు వెనక్కి పంపేయండి. మీటర్ కదలని రోజు ఖాళీగా కూర్చోండి, జీతం కోసేది లేదని మాట ఇస్తున్నాం.

ఇట్లు,
వాల్యూం తామే పెంచుకోగల శ్రోతలు

తా.క. సిటీ బస్సులో ఇయర్‌ఫోన్లు పెట్టుకునే వారికి చిన్న శబ్దాలు వినబడవు, వాళ్ల గతేమిటని అడుగుతారేమో. న్యాయమైన ప్రశ్నే. ఫోన్‌లో ప్లేయర్‌కే పెద్ద శబ్దాలకూ చిన్నవాటికీ తేడా తగ్గించే ఒక కంప్రెసర్ మీట పెడితే, బస్సు ఎక్కినప్పుడు వేసుకుని దిగాక తీసేస్తారు. మాస్టర్‌లో మీరు నొక్కినదాన్ని ఇంటికెళ్లాక విప్పే మీట ఇంకా ఎవరూ కనిపెట్టలేదు.