కార్డుకు ‘మినిమం 300’: ఆ లెక్క మన దగ్గరిది కాదు

“కార్డుతో కడితే మినిమం 300 బిల్లు ఉండాలని పెట్టుకోవడం షాపువాళ్ల హక్కు. చిన్న బిల్లుకు కార్డు గీకితే వాళ్ల లాభమంతా బ్యాంకుకే పోతుంది. కావాలంటే 2 శాతం కలిపి తీసుకోవచ్చు. యూపీఐ ఉండగా కార్డు ఇవ్వడమే తప్పు.” బాగా షేర్ అవుతున్న మెసేజ్ సారాంశం ఇదీ. విశాఖలో జగదాంబ దగ్గరో గాజువాకలోనో గల్లాపెట్టె పక్కన అలాంటి కాగితం అతికించి ఉంటే, ఇది చదివినవాళ్లు నిజమే కాబోలనుకుని అక్కర్లేని బిస్కెట్ ప్యాకెట్లు కొని బిల్లు 300 చేస్తారు.

ముందు లాభం సంగతి చూడాలి, మిగతా మాటలన్నీ దాని మీదే నిలబడ్డాయి. కార్డు గీకినప్పుడు షాపుకు పడే కోతను ఎండీఆర్ అంటారు. మన దగ్గర అది శాతం లెక్కన పడుతుంది, బిల్లుకింత అని కాదు. డెబిట్ కార్డులకు రిజర్వు బ్యాంకు 2018 జనవరి 1 నుంచి గరిష్ఠ పరిమితి పెట్టింది: ఏడాది టర్నోవరు 20 లక్షల లోపున్న షాపుకు 0.40 శాతం, ఆపైన 0.90 శాతం. వీసా, మాస్టర్‌కార్డ్ లాగే మన దేశపు కార్డు రూపే. దాని డెబిట్‌కు 2020 జనవరి 1 నుంచి సున్నా. క్రెడిట్ కార్డుకు పరిమితి లేదు, ఒప్పందాన్ని బట్టి 2 శాతానికి అటూఇటూ ఉంటుంది.

కేజీహెచ్ ఆసుపత్రి దగ్గర మందుల షాపులో 150 రూపాయల మాత్రలు కొన్నారనుకోండి. రూపే డెబిట్ అయితే షాపుకు కోతే లేదు. వీసా డెబిట్ అయితే చిన్న షాపుకు 60 పైసలు, పెద్ద షాపుకు రూపాయి 35 పైసలు. 2 శాతం క్రెడిట్ కార్డయితే 3 రూపాయలు. కార్డు బిల్లు 2,000 దాటకపోతే ఈ చార్జీ మీద జీఎస్టీ కూడా లేదు. అదే క్రెడిట్ కార్డు 5,000కు గీకితే చార్జీ 100, దాని మీద 18 శాతం జీఎస్టీ, మొత్తం 118. అంటే 2.36 శాతం. ఒకే కార్డు మీద రూపాయికి లెక్కేస్తే చిన్న బిల్లే షాపుకు చవక!

మరి ఈ ‘మినిమం’ ఎక్కడ పుట్టింది? అమెరికాలో శాతంతో పాటు ప్రతి బిల్లుకూ కొన్ని సెంట్లు విడిగా పడతాయి. అందుకే అక్కడ 2010 చట్టం క్రెడిట్ కార్డుకు 10 డాలర్ల దాకా మినిమం పెట్టుకోనిచ్చింది, డెబిట్‌కు అది కూడా లేదు. ఆ లెక్క తెచ్చి ఇక్కడ అతికించారు.

షాపువాళ్లకు కష్టం లేదని కాదు. మెషీన్‌కు నెలనెలా అద్దె కట్టాలి. డబ్బు చాలాసార్లు మర్నాటికి గానీ ఖాతాలో పడదు. పాల ప్యాకెట్ లాంటి సరుకు మీద మిగిలేదే కొంచెం, క్రెడిట్ కార్డు అందులోంచి కోసేస్తే బాధే. కానీ ఆ కోత 50కీ 500కీ ఒకే శాతం, మినిమం పెడితే తగ్గదు. అద్దె కూడా తగ్గదు. పైగా కొన్ని ఒప్పందాల్లో నెలకు ఇంత అని గీకకపోతే అదనపు చార్జీ వేస్తారు. చిన్న బిల్లులు తిప్పి పంపేవాళ్లకు తగిలేది అదే.

ఇక హక్కు. అసలు మెషీనే పెట్టుకోకపోవడం చిన్న షాపు ఇష్టం. పెట్టుకున్నాక మాత్రం మినిమం అడగకూడదన్నది వీసా, మాస్టర్‌కార్డ్ నిబంధన. అలాగని ఇది పోలీసు కేసు కాదు. ఒప్పందం ఉల్లంఘన, కాబట్టి చెప్పాల్సింది మెషీన్ ఇచ్చిన బ్యాంకుకి.

2 శాతం కలపడం మీద రిజర్వు బ్యాంకు 2013 సెప్టెంబరులోనే స్పష్టంగా చెప్పింది: డెబిట్ కార్డు మీద అదనం వసూలు చేయడం కుదరదు, అలా చేసే షాపుతో బ్యాంకు సంబంధం తెంచుకోవాలి. కార్డు ఆనించేముందు మెషీన్ తెర మీద అంకె చూడండి. 5,000 దాకా పిన్ అడక్కుండానే ‘ట్యాప్’ అయిపోవచ్చు, తర్వాత చూసుకుంటే వాదనే మిగులుతుంది.

యూపీఐ మాటకొస్తే, బటన్ ఫోన్ వాడే పెన్షనరూ ఉంటారు, పోర్టులో దిగిన విదేశీ నావికుడూ ఉంటాడు. ఫోన్ చార్జింగ్ అయిపోయినవాడికీ మందులు కావాలి.

ఫిర్యాదుకు కావాల్సింది చార్జ్ స్లిప్. పైన బ్యాంకు పేరు, కింద 15 అక్షరాల ఎంఐడీ (షాపు గుర్తింపు), 8 అక్షరాల టీఐడీ (మెషీన్ గుర్తింపు) ఉంటాయి. గీకనే లేదంటే స్లిప్ రాదు కాబట్టి మెషీన్ మీది బ్యాంకు పేరు, అతికించిన కాగితం ఫొటో తీసి, తేదీ, సమయం రాసి పంపండి. 30 రోజుల్లో జవాబు రాకపోతే బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌ దగ్గరికి వెళ్లవచ్చు, సమాచారానికి 14448. అక్కడ వినేది బ్యాంకు మీద ఫిర్యాదే, షాపు మీద కాదు. మెషీన్ ‘ఫెయిల్’ అన్నా ఖాతాలో డబ్బు పోతే 5 రోజుల్లో వెనక్కి రావాలి. ఆలస్యమైతే రోజుకు 100 చొప్పున మీ బ్యాంకు ఇవ్వాలి.

షాపువాళ్లు చేయాల్సింది వేరే ఉంది. నెలవారీ స్టేట్‌మెంట్‌లో ఎండీఆర్ వరస తీసి డెబిట్, రూపే, క్రెడిట్ విడివిడిగా చూడండి. టర్నోవరు 20 లక్షల లోపే ఉన్నా డెబిట్‌కు 0.90 కోస్తుంటే, టర్నోవరు ఆధారం జతచేసి 0.40కి మార్చమని బ్యాంకును రాతపూర్వకంగా అడగండి.