మిత్సువాలో ఉడాన్ తినే వెజ్ వాళ్లకి

న్యూజెర్సీ ఎడ్జ్‌వాటర్‌లో ఉన్న మిత్సువా జపనీస్ సూపర్‌మార్కెట్ గురించి మీ పోస్టులో బాగా రాశారండీ, కానీ అక్కడి ఫుడ్ కోర్ట్‌లో వెజ్ వాళ్లు ఉడాన్ (సూప్‌లో వేసిచ్చే లావుపాటి గోధుమ నూడుల్స్) కళ్లు మూసుకుని తినేయొచ్చు అన్నారు చూడండి, అక్కడే కొంచెం ఆగాలి. పైన ముక్క ఒక్కటి కనపడకపోయినా కింద ఉండే ఆ సూప్ చాలావరకు దాషీతోనే చేస్తారు, అంటే కొంబు అనే సముద్రపు నాచు, ఎండబెట్టి పొగబెట్టిన బొనీటో చేపని రంపం పొట్టులా పల్చగా గీసి వేడి నీళ్లలో వేసి వడకట్టింది. మా అత్తయ్యగారు శుద్ధ శాకాహారి, కౌంటర్లో అడిగితే చేప ఉంటుందనే చెప్పారు, పాపం ఆవిడ మచ్చా (గ్రీన్ టీ పొడి) ఐస్‌క్రీమ్‌తో సరిపెట్టుకున్నారు. నాన్‌వెజ్ బ్యాచ్‌కి ఏ ఇబ్బందీ లేదు, అక్కడే సాంతోకా అనే రామెన్ కౌంటర్ ఉందిగా, పంది ఎముకలు గంటలు గంటలు మరిగించిన సూపులో నూడుల్స్.

వీకెండ్ మధ్యాహ్నం వెళ్తే మాత్రం మన పెళ్లి బంతుల్లోలాగా తింటున్నవాళ్ల కుర్చీ వెనకాల నిలబడాల్సిందే.

ఇక సరుకుల్లో, కర్రీ బ్లాకులు (నీళ్లలో కరిగించి జపనీస్ కూర చేసుకునే గట్టి మసాలా ముద్దలు) కొనేవాళ్లు వెనక పదార్థాల లిస్టు చదవండి, కొన్నిట్లో బీఫ్ కొవ్వు ఉంటుంది. అక్కడ దొరికే పొట్టి గింజల జపనీస్ బియ్యంతో పులిహోర కలిపితే ముద్దే, పెరుగన్నానికైతే భేషుగ్గా ఉంటుంది.