లో రిస్క్ అని రాసిన కాగితం ఎవరిని కాపాడుతోంది?

ఆత్మహత్యాయత్నం చేసి బతికి బయటపడ్డ మనిషిని గుంటూరు కొత్తపేటకో, విజయవాడ సూర్యారావుపేటకో డాక్టరు దగ్గరికి తీసుకొచ్చిన ఇంటివాళ్లు ముందు అడిగేది ఒకటే. "మళ్లీ అట్టా చేసుకోడు కదండీ?" డాక్టరుకి చూడగానే తెలిసిపోతుందని వాళ్ల నమ్మకం. ఆస్పత్రుల్లో ఫారాలు కూడా ఆ నమ్మకం మీదే నడుస్తాయి. వయసెంత, మందు అలవాటుందా, ఇంతకుముందు ఎప్పుడైనా ప్రయత్నించాడా, ఒంటరిగా ఉంటాడా, అన్నిటికీ టిక్కులు పెట్టి, మార్కులు కూడి, చివరి గడిలో రిస్క్, అంటే మళ్లీ ప్రయత్నించే ప్రమాదం, "లో", "మీడియం", "హై" అని ఏదో ఒకటి రాస్తారు. ఆ చివరి గడి తీసేయాలని నేనంటాను. ప్రశ్నలు అడగడం మానేయమని కాదు, మనిషికి ముద్ర వేయడం మానేయమని.

ఇదేం కొత్త సంగతి కాదు. అమెరికాలో పోకోర్నీ అనే సైకియాట్రిస్టు, మానసిక సమస్యలతో ఆస్పత్రిలో చేరిన 4,800 మంది మాజీ సైనికుల్ని పరీక్షించి, ఆ తర్వాత కొన్నేళ్లు గమనించి 1983లో ఫలితం బయటపెట్టాడు. వాళ్లలో 67 మంది ఆత్మహత్యతో చనిపోయారు, కానీ ఫలానా వాళ్లు అని ముందే పట్టుకునే దారి ఆయనకి దొరకలేదు. 2017లో యాభై ఏళ్ల పరిశోధనల్ని, మొత్తం 365, ఒకచోట చేర్చి చూస్తే మన అంచనాలు బొమ్మా బొరుసూ వేయడం కంటే కాస్త మెరుగు, అంతే. అంతకు ముందు ఏడాది వచ్చిన ఇంకో విశ్లేషణ ఇంకా గట్టిగా తగులుతుంది: హై రిస్క్ అనుకున్న పేషెంట్లలో సగటున అయిదేళ్ల పైచిలుకులో ఆత్మహత్యతో చనిపోయింది నూటికి ఐదారుగురు, చనిపోయినవాళ్లలో సగానికి దగ్గరగా లో రిస్క్ అని రాయించుకుని ఇంటికి వెళ్లినవాళ్లే. బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు ఇచ్చే నైస్ సంస్థ 2022 సెప్టెంబర్‌లో సూటిగా చెప్పేసింది, స్కోర్లు చూసి ఆత్మహత్యను ఊహించొద్దు, మనుషుల్ని లో, మీడియం, హై అని విడగొట్టొద్దు, ఎవరికి వైద్యం ఇవ్వాలో ఆ స్కోరుతో తేల్చొద్దు అని.

తప్పు డాక్టర్లది కాదు, లెక్కలోనే ఉంది. దేశంలో నేరాల, ఆత్మహత్యల లెక్కలు కట్టే ఎన్‌సీఆర్‌బీ ప్రకారం 2022లో దేశంలో 1,70,924 మంది ఆత్మహత్య చేసుకున్నారు. అంత పెద్ద సంఖ్య కూడా జనాభాతో చూస్తే లక్షకి 12.4. నూటికి తొంభైసార్లు సరిగ్గా చెప్పే పరీక్ష ఒకటి ఉందనుకుందాం, నిజానికి అలాంటిది లేదు. దాన్ని విజయవాడలో లక్ష మందికి చేస్తే ఆ పన్నెండు మందిలో పదకొండు మంది దొరకొచ్చు, వాళ్లతోపాటు ప్రాణాలు తీసుకోని పదివేల మంది కూడా హై రిస్క్ జాబితాలోకి ఎక్కుతారు. సైకియాట్రీ ఓపీలో ఆ రేటు ఎక్కువే ఉంటుంది గానీ చిక్కు మాత్రం తీరదు.

పైగా ఆ ఫారం నిండేది పేషెంటు ఇచ్చే జవాబులతో. మన ఓపీల్లో పేషెంటు ఒంటరిగా మాట్లాడేది ఎప్పుడు? బయట వరండాలో నలభై మంది చీటీలు పట్టుకుని నిలబడి ఉంటారు, లోపల ఒక టేబులు, పక్క టేబుల్ దగ్గర ఇంకో డాక్టరు ఇంకో పేషెంటు. "నిద్ర పడుతోందామ్మా?" అని అడిగితే "పడుతోందండీ, అన్నం కూడా బానే తింటోంది" అని అత్తగారు చెబుతుంది. "చచ్చిపోవాలన్న ఆలోచనలేమన్నా వస్తున్నాయా?" అనేలోపు భర్త అందుకుంటాడు, "అబ్బే, అట్టాంటిదేం లేదండీ, ఆ రోజేదో కోపంలో..." ఆ అమ్మాయి తలొంచుకుని చేతిలో మందుల కవరు మడుస్తూ ఉంటుంది. ఫారంలో "లేదు" దగ్గర టిక్కు పడుతుంది. ఆ టిక్కు ఎవరిది? ఆత్మహత్యతో చనిపోయిన 76 మంది పేషెంట్ల కేసు షీట్లు చూస్తే, చివరిసారి అడిగినప్పుడు అలాంటి ఆలోచన లేదన్నవాళ్లు 78 శాతం అని అమెరికాలోనే ఒక అధ్యయనం ఉంది. అక్కడే అంతమంది లేదన్నారంటే, అత్తగారి ముందు ఎవరు నోరు విప్పుతారు? ఇంటివాళ్లని అయిదు నిమిషాలు బయట కూర్చోమనడానికి కొత్త బిల్డింగు అక్కర్లేదు, మొహమాటం వదిలితే చాలు. అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమో అన్న భయం చాలామందికి ఉంది, అది నిజం కాదు. న్యూయార్క్‌లో రెండువేల మందికి పైగా హైస్కూల్ పిల్లల మీద పరీక్షించి 2005లోనే తేల్చారు.

దీనికి తోడు పోలీసు కేసు భయం. ప్రైవేటు ఆస్పత్రి ఎంఎల్‌సీ, అంటే పోలీసులకి చెప్పాల్సిన కేసు, అంటుంది, ఇంట్లోవాళ్లు కంగారుపడి "పొరపాటున జరిగిందండీ" అంటారు, ఆ ఒక్క మాటతో అసలు సంగతి కేసు షీట్లోంచే మాయమవుతుంది, సైకియాట్రిస్టు దాకా వెళ్లనే వెళ్లదు. చట్టం చూస్తే ఎప్పుడో మారింది. 2018 మే నుంచి అమల్లో ఉన్న మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలో 115వ సెక్షన్, ఆ మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలని, శిక్షించకూడదని, చికిత్స అందేలా చూడటం ప్రభుత్వం బాధ్యత అని చెబుతోంది. 2024 జూలైలో వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఆత్మహత్యాయత్నాన్ని నేరంగా చూసిన పాత ఐపీసీ 309 సెక్షనే లేదు. ఈ ముక్క క్యాజువాలిటీ గోడ మీద పెద్దక్షరాలతో రాసిపెట్టొచ్చు కదా!

మరి ముద్ర వేయకపోతే ఏం చేయాలి? ఒక కాగితం తీసుకుని పేషెంటుతో కలిసి కూర్చుని రాయాలి, అతని మాటల్లోనే. మనసు చెడిపోతోందని మొదట దేన్నిబట్టి తెలుస్తుంది? రాత్రి రెండింటికి మెలకువ వచ్చి మళ్లీ నిద్ర పట్టకపోవడమా, అప్పులవాడి ఫోన్ వచ్చాక ఎవరితోనూ మాట్లాడబుద్ధి కాకపోవడమా? అప్పుడు తనంతట తాను ఏం చేయగలడు, ఎవరి దగ్గరికి వెళ్లి కాసేపు కూర్చోగలడు, ఎవరికి ఉన్నదున్నట్టు చెప్పగలడు, ఏ డాక్టరుకి ఫోన్ చేయాలి, ప్రమాదకరమైన వస్తువులు ఇంట్లోంచి ఎవరు తీసేస్తారు. దీన్ని సేఫ్టీ ప్లాన్ అంటారు, స్టాన్లీ, బ్రౌన్ అనే ఇద్దరు తయారుచేశారు. అమెరికాలో మాజీ సైనికుల ఎమర్జెన్సీ విభాగాల్లో ఈ కాగితం రాసిచ్చి, ఇంటికి వెళ్లాక ఫోన్లు కూడా చేస్తే ఆరు నెలల్లో ఆత్మహత్యా ప్రవర్తన 45 శాతం తక్కువగా కనిపించింది. పేషెంట్లను లాటరీ వేసి విడదీసిన ట్రయల్ కాదది, ఆస్పత్రికీ ఆస్పత్రికీ పోలిక, కాబట్టి అంకెను కాస్త జాగ్రత్తగానే చూడాలి. అయినా ముద్ర కంటే వెయ్యి రెట్లు నయం. ఓపీలో అడ్డమనిపించిన ఆ కుటుంబమే ఇక్కడ పెద్ద బలం. మిర్చి, పత్తి వేసే గుంటూరు, పల్నాడు ఇళ్లలో పురుగుమందులు మనిషికి అందకుండా బయటే తాళం వేసి, ఆ తాళంచెవి ఇంకొకరి దగ్గర ఉంచాలని అన్నకో బావకో నేరుగా చెప్పాలి. ఆ పని ప్రభుత్వం చేస్తే ఏమవుతుందో శ్రీలంక చూపించింది. అత్యంత విషపూరితమైన పురుగుమందుల్ని విడతలవారీగా నిషేధించాక, 1995 నుంచి రెండు దశాబ్దాల్లో అక్కడ ఆత్మహత్యల రేటు సుమారు 70 శాతం పడిపోయింది.

ఇక డిశ్చార్జి తర్వాత. సైకియాట్రీ వార్డు నుంచి ఇంటికెళ్లిన మొదటి వారాలు, మొదటి మూడు నెలలే అన్నిటికంటే ప్రమాదమైనవి. మన డిశ్చార్జి చీటీ మీద మాత్రం "రెండు వారాల తర్వాత రండి" అని ఉంటుంది. రాకపోతే ఎవరూ అడగరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అయిదు దేశాల్లో 1,867 మందితో చేయించిన అధ్యయనంలో మన చెన్నై కూడా ఉంది. ఒక గంట కూర్చోబెట్టి మాట్లాడటం, ఆ తర్వాత 18 నెలల్లో తొమ్మిదిసార్లు ఫోన్ చేయడమో ఇంటికెళ్లి పలకరించడమో, అంతే. మామూలు వైద్యం అందినవాళ్లలో 2.2 శాతం ఆత్మహత్యతో చనిపోతే, ఈ పలకరింపు అందినవాళ్లలో 0.2 శాతం. స్కానింగ్ లేదు, ఖరీదైన మందు లేదు.

హాస్టళ్లలోనూ ఇదే పొరపాటు జరగబోతోందని నాకు భయంగా ఉంది. విశాఖలో చదువుకుంటూ 2023లో చనిపోయిన విద్యార్థిని కేసులో సుప్రీంకోర్టు 2025 జూలై 25న తీర్పిస్తూ, వందమంది, అంతకంటే ఎక్కువ విద్యార్థులున్న సంస్థల్లో అర్హత ఉన్న కౌన్సెలర్ ఉండాలంది. మంచి తీర్పు. కానీ విజయవాడ చుట్టూ వేలమంది పిల్లల్ని పెట్టుకున్న కాలేజీల్లో ఆ కౌన్సెలర్ చేతికి ప్రశ్నల ఫారం ఇచ్చి, మార్కులు వేయించి, ఎక్కువ వచ్చిన పిల్లల్ని తల్లిదండ్రులకి అప్పజెప్పి పంపేస్తే అది జాగ్రత్త కాదు, వదిలించుకోవడం. ఇంకోసారి ఏ పిల్లాడూ నిజం చెప్పడు.

"రేపు ఏమన్నా అయితే కోర్టులో మేం ఏం చూపించాలి?" అని డాక్టర్లు అడుగుతారు, న్యాయమైన ప్రశ్నే. ఆరోజు మాట్లాడింది, కలిసి రాసుకున్న ప్లాను, ఇంటివాళ్లకి చెప్పిన జాగ్రత్తలు, చేసిన ఫోన్ల తేదీలు చూపించొచ్చు. మూడక్షరాల ముద్ర కంటే అవే బలమైన రుజువులు. టైమ్ లేదన్నది నిజమే, అందుకే ఫోన్ల పని డాక్టరు మీద పెట్టకూడదు. గుంటూరు జీజీహెచ్‌లో ఒకరు, విజయవాడ జీజీహెచ్‌లో ఒకరు, డిశ్చార్జి అయినవాళ్లకి మూడో రోజు, పదో రోజు, నెలకి ఫోన్ చేయడమే ఉద్యోగంగా ఉండాలి. ఆ రెండు పోస్టులు మంజూరు చేయమని జిల్లాలో అడగాల్సింది ఇప్పుడే. ఈలోగా ఇది చదువుతున్నవాళ్లలో ఎవరికైనా, మీ ఇంట్లో ఎవరికైనా బతకడం బరువుగా ఉంటే టెలీ మానస్ నంబరు 14416, పగలైనా రాత్రైనా తెలుగులోనే మాట్లాడొచ్చు, డబ్బు కట్టక్కర్లేదు.