పిల్లల రాత పదిమందీ చదివితే భయం ఎవరికి?

హైస్కూలు తెలుగు పాఠ్యపుస్తకాల్లో పాఠం చివర ‘వ్యక్తీకరణ - సృజనాత్మకత’ అని ఒక భాగం ఉంటుంది. మీ అభిప్రాయం సొంతమాటల్లో రాయండి అని అడుగుతారు. ఆ సొంతమాటలు కూడా గైడులో అచ్చయి దొరుకుతాయి. క్లాసంతా ఒకే ‘సొంతమాట’ దించుతుంది, టీచరు టిక్కు పెడతారు, నోటుబుక్కు బీరువాలోకి పోతుంది. పిల్లల్ని అని ఏం లాభం? చదివేవాళ్లు లేనప్పుడు ఎవరు మాత్రం మనసు పెట్టి రాస్తారు?

తరగతికో బ్లాగు పెట్టమనేది అందుకే. బడిలో నెట్టు ఉన్న కంప్యూటరు ఒక్కటి చాలు. వారానికి నలుగురైదుగురు రాస్తారు, మిగతావాళ్లు చదివి కామెంటు పెడతారు. ఊరి సంత గురించి రాసిన అమ్మాయికి ‘సంత మంగళవారం కాదు, బుధవారం’ అని వెనక బెంచీ కుర్రాడు కామెంటు పెట్టాడనుకోండి. పంతానికైనా వెళ్లి కనుక్కుంటుంది. ఎర్రసిరా గీతకు ఆ శక్తి లేదు. దుబాయిలో ఉన్న నాన్న డ్యూటీ దిగాక చదువుతాడని తెలిస్తే, ఒత్తులూ దీర్ఘాలూ కూడా ఒకటికి రెండుసార్లు చూసుకుంటుంది.

అసలే ఫోన్లకు అతుక్కుపోతున్నారు, ఇదొకటా అంటారు. ఆడపిల్లల వివరాలు బయటపడతాయన్న టెన్షన్ కూడా న్యాయమైనదే. పిల్లల వివరాలు వాడాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉండాలని 2023 డేటా రక్షణ చట్టమే చెబుతోంది. తీసుకుందాం. పేర్లు, ఫొటోలు వద్దు. టీచరు చూశాకే కామెంటు కనపడే ఏర్పాటు బ్లాగుల్లో ఎప్పటినుంచో ఉంది.

అసలు అడ్డంకి వేరే ఉంది. 2012లో స్కాట్లాండ్‌లో తొమ్మిదేళ్ల పాప నాన్న సాయంతో ‘నెవర్‌సెకండ్స్’ అనే బ్లాగు పెట్టింది. రోజూ బడిలో పెట్టిన భోజనం ఫొటో, దాని కింద లెక్క: పదికి ఎన్ని మార్కులు, ఎన్ని ముద్దలు వచ్చింది, ఎన్ని వెంట్రుకలు కనపడ్డాయి. వెంట్రుకల లెక్క పెద్దవాళ్లకు తడుతుందా? బ్లాగు ప్రపంచమంతా పాకేసరికి జూన్‌లో స్థానిక కౌన్సిల్ ఫొటోలు తీయొద్దంది. జనం తిట్టిపోస్తే మర్నాడే వెనక్కి తగ్గింది. ఆ బ్లాగు ద్వారా ఆఫ్రికాలోని మలావీ దేశపు పిల్లల భోజనానికి లక్ష పౌండ్లకు పైగా పోగయ్యాయి.

మన సంగతి చూడండి. ఆంధ్రప్రదేశ్‌లో బడి భోజనం ‘గోరుముద్ద’ అయింది, తర్వాత డొక్కా సీతమ్మ పేరు పెట్టుకుంది. ప్రభుత్వం మారితే పేరు మారింది. సాంబారు నీళ్లలా ఉందో లేదో రోజూ తినే పిల్లలు రాసింది మాత్రం ఎక్కడా కనపడదు. తెలంగాణ గురుకులాల్లో పిల్లలు ఆస్పత్రి పాలైతే తప్ప అన్నం గురించి వార్త రాదు. తనిఖీకి వచ్చిన అధికారి అడిగితే అందరూ కలిసి ‘బాగుంది సార్’ అంటారు. అదీ గైడులో సొంతమాట లాంటిదే. పిల్లలకు రాయడం రాదని ఏటా బాధపడే పెద్దలే, వాళ్లు రాసింది నలుగురూ చదువుతారంటే ఉలిక్కిపడతారు.

దీనికి కొత్త పథకం అక్కర్లేదు. నెట్ సెంటర్లో ప్రింట్లు తీసి అంటించిన చార్టులకు వేసే ప్రాజెక్టు మార్కులు ఈ రాతకు వేస్తే సరిపోతుంది. ఒక్కటి మాత్రం విద్యాశాఖ రాసివ్వాలి: పిల్లలు రాసింది పైవాళ్లకు నచ్చకపోతే హెడ్మాస్టరుకు షోకాజ్ నోటీసు రాదని.