లెక్క వేరు, కొలత వేరు

లెక్కలంటే గిట్టని పిల్లలకు సాంకేతిక వృత్తులు అచ్చిరావని పెద్దలు తొందరపడి తేల్చేస్తున్నారు. చేతిపనిలో ఎక్కువ భాగం కొలత, పోలిక. కూడికలు, గుణకారాలు అందులో కొద్దిపాటివే.

వడ్రంగం చూడండి. చట్రం మూలమట్టంగా ఉందో లేదో తేల్చడానికి, ఎదుటి కమ్మీలు సమానమైతే, ఎదురెదురు మూలల మధ్య దూరాలు రెండూ సరిపోల్చితే చాలు. ఒకటి ఎక్కువొస్తే ఆ రెండు మూలలను దగ్గరికి నొక్కాలి. టేపు కూడా అక్కర్లేదు, పుల్ల మీద గుర్తు పెట్టి చూడవచ్చు. పుల్లతో అంకె తప్పు చదివే ప్రమాదమే లేదు.

వెల్డింగ్‌లో 3.15 మి.మీ. రాడ్డుకు ఎన్ని ఆంపియర్లు పెట్టాలో దాని పెట్టె మీదే ఉంటుంది. ఆపైన పనంతా కంటిదీ చెవిదీ చేతిదీ. రాడ్డు కొసకూ లోహానికీ మధ్య ఎడం ఇంచుమించు రాడ్డు మందమంతే ఉండాలి. ఎడం పెరిగితే చిందులు ఎక్కువై అతుకులో బుడగలు మిగులుతాయి. కరెంటు తగ్గితే రాడ్డు అతుక్కుపోతుంది, మించితే అతుకు అంచు వెంట గాడి పడుతుంది. 7018 రకం రాడ్డుకు చెమ్మ పడితే అతుకులోకి హైడ్రోజన్ చేరి, చల్లారాక పగులు రావచ్చు. ఎక్కాలు రానందువల్ల వచ్చే లోపం వీటిలో ఒక్కటీ లేదు.

అలాగని లెక్క అసలే ఉండదని ఆశపెట్టడం అన్యాయం. 230 వోల్టుల మీద 2,000 వాట్ల హీటరు దాదాపు 8.7 ఆంపియర్లు లాగుతుందని తెలియని ఎలక్ట్రీషియన్ సన్న తీగ వేస్తే, అది వేడెక్కి పైతొడుగు కరుగుతుంది. సీఎన్‌సీ, అంటే కంప్యూటర్ నడిపే కోత యంత్రాల ప్రోగ్రామింగ్‌కు త్రికోణమితి కావాలి. లెక్కలు బొత్తిగా గిట్టనివారు ముందు వెల్డింగ్, వడ్రంగం, ఇంజిన్ మరమ్మతు వైపు చూడటం మేలు.

శిక్షణ సంస్థలు గణిత పరీక్షను గుమ్మం దగ్గర పెట్టకుండా, తొలి వారమే చేతికి పనిముట్టు ఇవ్వాలని మేం కోరుతున్నాం. దశాంశాలు నల్లబల్ల మీద కాదు, డ్రిల్ బిట్ల పెట్టె దగ్గర నేర్పాలి. 8 మి.మీ. బోల్టు పట్టే సాధారణ మర చుట్లకు 6.8 బిట్టుతో రంధ్రం వేయించండి. పక్కనే 6.5తో ఒకటి, 7.2తో ఒకటి వేయించి మూడింటిలోనూ ట్యాప్, అంటే రంధ్రం లోపల మర చుట్లు కోసే పనిముట్టు, తిప్పించండి. మొదటిదానిలో ట్యాప్ సాఫీగా దిగుతుంది. రెండోదానిలో బిగదీసి విరిగే ప్రమాదం ఉంటుంది. మూడోదానిలో చుట్లు లోతు తగ్గి, బోల్టు గట్టిగా బిగిస్తే పట్టు జారవచ్చు.